అద్దాల మేడల్లో గ్రామఫోను పాట

ఆదివారం పొద్దున్నే హైటెక్ సిటీ చూశారా మీరెప్పుడైనా? చూడకపోతే ఒక్కసారి చూసి తీరాలి. మామూలు రోజుల్లో సైబర్ టవర్స్ కూడలి దాటాలంటే ఆటోలో కూర్చుని సగం విష్ణు సహస్రనామం చదువుకోవచ్చు. ఆదివారం మాత్రం రోడ్లన్నీ తోమి బోర్లించిన పళ్ళాల్లా ఖాళీగా ఉంటాయి. మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకుని పరుగులు పెట్టే పిల్లలు కనబడరు. అద్దాల మేడల్లో మేడలే తమని తాము చూసుకుంటూ ఉంటాయి.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి గారు ప్రారంభించిన సైబర్ టవర్స్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పది అంతస్తుల గుండ్రటి మేడ. నాలుగు భాగాలుగా కట్టి మధ్యలో ఫౌంటెన్ పెట్టారు. ఇంట్లో ఒకప్పుడు రికార్డు ప్లేయరు ఉన్నవాళ్ళకి మధ్యలో పెద్ద చిల్లుండే చిన్న ప్లేటు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. నాకైతే అలాగే అనిపిస్తుంది.

ప్లేటు మాట ఎందుకు ఎత్తానంటే, ఇప్పుడీ ప్రాంతంలో మళ్ళీ ప్లేట్లు తిరుగుతున్నాయి సుమండీ. ప్రపంచంలో ఉన్న పాటలన్నీ ఫోనులో పెట్టుకుని తిరిగే ఊరు ఇది. వేలు ఆనిస్తే పాట వస్తుంది. అలాంటి చోట, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లలో, నెలనెలా జీతం వచ్చే కుర్రాళ్ళూ అమ్మాయిలూ టర్న్‌టేబుళ్ళు కొని హాల్లో పెట్టుకుంటున్నారు. ఇది మన దగ్గర మాత్రమే వచ్చిన వెర్రి కూడా కాదు. అమెరికాలో 2020లో రికార్డుల మీద వచ్చిన డబ్బు సీడీల మీద వచ్చిన డబ్బును దాటింది. 1986 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

"ఉన్న సామానుకే చోటు లేదు, మళ్ళీ ఆ గొడవొకటా?" అని మీరు అనుకునేలోపు కాస్త వెనక్కి వెళ్దాం.

మన ఇళ్ళల్లోకి మొదట వచ్చినవి నిమిషానికి 78 చుట్లు తిరిగే బరువైన నల్ల ప్లేట్లు. అవి దేంతో చేసేవారో తెలుసా? లక్కతో! చార్మినార్ పక్కన లాడ్ బజారులో మనం బేరమాడి కొనే లక్క గాజులున్నాయే, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి, ఆ లక్కే ఇక్కడా. అందులో రాతిపొడీ మసీ కలిపి అచ్చు వేసేవారు. అంచేతే కిందపడితే గాజులాగే ఠప్పున పగిలేది. మన దేశంలో ఈ రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. గౌహర్ జాన్ అనే గాయని పాడి, చివర్లో తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. అచ్చు వేసేది ఎక్కడో జర్మనీలో. ఎవరి పాటో వాళ్ళకి తెలియాలిగా మరి!

ఆ ప్లేటు మీద ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. రాత్రంతా పాడే రాగాన్ని మూడు నిమిషాల్లోకి కుదించాలి. మన రంగస్థలం మీద ఒక్కో పద్యానికి నాలుగేసి రాగాలాపనలు చేసి, వన్స్‌మోర్లు కొట్టించుకున్న నటులు కూడా ఈ ప్లేటు ముందు బుద్ధిగా కుదించుకుని పాడారు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా పాడిన పాట ప్లేటు మీద ఎక్కింది కాబట్టే, ఆయన వేషం చూసే అదృష్టం లేని మనకి ఆ గొంతైనా దక్కింది.

1948లో అమెరికాలో నిమిషానికి 33 చుట్లు, ఇంకో మూడో వంతు తిరిగే పెద్ద ప్లేటు వచ్చింది. ఎల్పీ అన్నారు దాన్ని. ఇది లక్క కాదు, వినైల్ అనే ఒకరకం ప్లాస్టిక్. ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైన పట్టేది. ఆ మరుసటి ఏడే 45 చుట్ల చిన్న ప్లేటు. మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఎర్రదో నీలందో హెచ్.ఎం.వి. ఫియస్టా ప్లేయరు, పక్కన ఒక అట్టపెట్టెలో పాతిక ప్లేట్లు. దాని మీద ఒక క్రోషియా గుడ్డ. ఆ గుడ్డ అల్లింది ఎవరో చెప్పక్కర్లేదు కదా!

ఆ పాతికలో ఏముండేవో కూడా చాలామంది కళ్ళు మూసుకుని చెప్పగలరు. ఎమ్.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం ఉండాల్సిందే. 1963లో వచ్చిందది. దాని రాయల్టీ అంతా ఆవిడ తిరుమల దేవస్థానం వేదపాఠశాలకే ఇచ్చేశారు. తర్వాత ఘంటసాల గారి పుష్పవిలాపం, చివరి రోజుల్లో పాడిన భగవద్గీత. పాపం, ఆ గీతకి ఏ గతి పట్టిందో చూడండి. ఇంట్లో కూర్చుని అర్థంతో సహా వినాలని పాడింది. ఇప్పుడు వీధిలో అది వినబడితే చాలు, "ఎవరింట్లో ఏం జరిగిందో" అని గుండె గుబేల్మంటుంది. ఒక్కసారి పొద్దున్నపూట, ఏ చావూ లేని రోజున, హాల్లో ప్లేటు మీద పెట్టుకుని వినండి. ఆ గొంతులోని ప్రశాంతత చావు మేళానికి ఎంత దూరమో తెలుస్తుంది. ఇక 1980లో శంకరాభరణం వచ్చాక ఆ ఎల్పీ లేని ప్లేయరు లేదనే చెప్పాలి. ఆ తర్వాత కేసెట్లు వచ్చాయి, చవగ్గా, చేతిలో పట్టేట్టుగా. ప్లేయర్లు అటక ఎక్కాయి.

ఇప్పుడు అసలు విషయం. ప్లేటు పాట నిజంగా ఫోను పాటకంటే బాగుంటుందా?

టర్న్‌టేబుల్ కొన్నవాళ్ళనడిగితే "అబ్బో! ఆ వెచ్చదనమే వేరు" అంటారు. "డిజిటల్ అంటే పాటని ముక్కలు ముక్కలుగా కోసి అతికించడం, మధ్యలో ఖాళీలుంటాయి" అని కూడా చెబుతారు. ఈ రెండో మాట మాత్రం నమ్మకండి. సంక్రాంతి చుక్కల ముగ్గు తలుచుకోండి. నాలుగే చుక్కలు పెడితే ఎవరికి తోచినట్టు వాళ్ళు గీత కలుపుతారు. అదే చుక్కలు బాగా దగ్గరగా, ఓ లెక్క ప్రకారం పెడితే వాటి మీదుగా పోయే గీత ఒక్కటే ఉంటుంది. సీడీలో సెకనుకి 44,100 చుక్కలు పెడతారు. మనిషి చెవికి వినబడే అతి సన్నటి ధ్వని సెకనుకి ఇరవై వేల కంపనాలు. దానికి రెట్టింపు పైన చుక్కలున్నాయి కాబట్టి, ప్లేయరు ఆ గీతని పొల్లుపోకుండా మళ్ళీ గీసేస్తుంది. ఖాళీలేం మిగలవు.

ప్లేటులో చుక్కల్లేవు. గొంతు ఎలా వణికిందో గాడి కూడా అలాగే వంకర్లు పోతుంది. వజ్రపు ముల్లు ఆ గాడిలో నడుస్తూ తనూ వణుకుతుంది. ఆ వణుకుని ముల్లు వెనకున్న చిన్న అయస్కాంతమూ తీగచుట్టూ కరెంటుగా మారుస్తాయి. వినడానికి ఎంతో బాగుంది కదా! కానీ ముల్లుతో పాటు దుమ్మూ పాడుతుంది. గాడి ప్లేటు మధ్యకొచ్చేసరికి చుట్టు చిన్నదైపోయి పాట కాస్త గీరుకుంటుంది. ఆ "వెచ్చదనం"లో కొంత భాగం ఈ లోపాలదే. నిక్కచ్చిగా కొలిస్తే సీడీయే శుభ్రం. పైగా ఇప్పుడు కొత్తగా అచ్చు వేస్తున్న రికార్డులు చాలామటుకు డిజిటల్ నుంచి చెక్కినవే. రెండు మూడు వేలు పోసి కొత్త ఎల్పీ కొనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని కొనుక్కుంటే మంచిది.

మరైతే అంతా భ్రమేనా అంటే, కాదు. ఒక కారణం ఉంది. ఈమధ్య పాటల్ని మొదటినుంచి చివరిదాకా ఒకే గట్టితనంతో తయారుచేస్తున్నారు, ట్రాఫిక్ లోనూ వినబడాలని. చిన్న గుసగుస, పెద్ద కేక అన్న తేడా ఉండదు. ఉప్పూ కారం రెండూ ఎక్కువేసిన కూరలా ఉంటుంది, రెండు ముద్దలకే చాలనిపిస్తుంది. ప్లేటు గాడి అంత మోత మోయలేదు, ముల్లు నిలబడదు. అంచేత రికార్డు కోసం చాలాసార్లు కాస్త మర్యాదగా చేస్తారు. ఇక పాత తెలుగు పాటల సంగతి వేరు. ఫోనులో దొరికే కొన్ని కాపీల్లో బరబర శబ్దం తీసేయబోయి గొంతులోని మెరుపు కూడా తుడిచేశారు. కొన్నింటికి లేని డప్పులు తగిలించారు. అలాంటి పాటకి అసలు ప్లేటు దొరికితే, గీతలు పడ్డా సరే, దానిదే పైచేయి. నా ఓటు అక్కడ ప్లేటుకే.

కొండాపూర్ లో పన్నెండో అంతస్తులో ఒక ఇల్లు చూశాను. మనవణ్ణి చూసుకోవడానికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన అత్తగారు. ఉద్యోగం చేసే కొడుకూ, ఇంటి నుంచే ఉద్యోగం చేసే కోడలూ. ముగ్గురి చెవుల్లోనూ మూడు రకాల తెల్ల బుడిపెలు. కోడలు మీటింగులో, కొడుకు ఏదో ఇంగ్లీషు పాటలో, అత్తగారు ప్రవచనంలో. "అన్నానికి లేవండి" అని ఆవిడ మూడుసార్లు పిలిస్తే వినబడేది ఆవిడకే. కొడుకు టర్న్‌టేబుల్ కొన్న వారం నుంచీ ఆదివారం మధ్యాహ్నం మాత్రం అందరికీ ఒకే పాట. హాల్లో స్పీకరు మోగుతుంటే చెవులు మూసుకోలేరు కదా! ఒకరికి నచ్చకపోతే ఆ వైపు అయ్యేదాకా ఓర్చుకోవాలి, తర్వాత తమ వంతు. "ఆ తర్వాతి పాట పెట్టు, అది వద్దు, ఇది వద్దు" అనడానికి వీల్లేదు, లేచి ముల్లెత్తి పెట్టడం ఎవరికీ బద్ధకం తీరని పని. ఆ బద్ధకమే వాళ్ళని కలిపి కూర్చోబెడుతోంది.

ఆవిడే ఒక మాట చెప్పారు. ఊళ్ళో ఇల్లు అమ్మినప్పుడు వాళ్ళ మామగారి హయాం నాటి నాటకం పద్యాల ప్లేట్లు, రెండు చెక్కపెట్టెల నిండా, పాతసామాన్ల వాడికి ఇచ్చేశారట. "ఇప్పుడీ అబ్బాయి ఒక్కో ప్లేటూ ఐదొందలు పెట్టి కొనుక్కొస్తుంటే నాకు నోట మాట రావటం లేదు" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. డబ్బు సంగతి అటుంచండి. సినిమా పాటలు పోవు, ఎవరో ఒకరు దాచిపెట్టే ఉంటారు. కానీ ఊరూరా తిరిగి పద్యాలు పాడిన నటులూ, హరికథలు చెప్పిన భాగవతార్లూ, పెళ్ళి పాటలు పాడిన అమ్మలూ లక్క ప్లేట్ల మీద పాడినవన్నీ ఫోనులో దొరకవు. అలాంటిది ఒకటి మీ ఇంటి అటక మీదున్నదే మిగిలి ఉండొచ్చు.  పాతసామాన్ల వాడు పారేస్తే ఇక అంతే.

ఇక్కడే ఈ హైటెక్ పిల్లలు మనకి పనికొచ్చేది. కంప్యూటరుకి తగిలించే వీలున్న టర్న్‌టేబుళ్ళు దొరుకుతున్నాయి. ప్లేటు ఒకసారి తిప్పితే పాట కంప్యూటరులోకి ఎక్కిపోతుంది. ప్లేటూ ఉంటుంది, కాపీ అమెరికాలో ఉన్న ఆడపడుచుకీ చేరుతుంది. అనలాగ్ గొప్పా డిజిటల్ గొప్పా అని రాత్రంతా వాదించుకునే అబ్బాయిలకి ఈ పని అప్పజెప్పండి.

నిజం చెప్పాలంటే మనలాంటి వాళ్ళకి రోజువారీ పనికి ఫోనే నయం. లేదా 2017లో సరిగమ వాళ్ళు తెచ్చిన కారవాన్ లాంటి పెట్టె. ఈ సరిగమ మరెవరో కాదు, మన పాత హెచ్.ఎం.వి. వాళ్ళే. ఒక చేత్తో పోపు వేస్తూ, ఇంకో చేతికి పిండి అంటుకుని ఉండగా ప్లేటు తిరగేయగలమా? ప్లేటుకి పొడి చేతులు కావాలి. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చునే తీరిక కావాలి. ఇంట్లో అందరికీ ఉండే ఆ ఇరవై నిమిషాలు మనకి ఎన్నింటికి దొరుకుతాయో మీకు తెలుసు. అంచేత టర్న్‌టేబుల్ కొంటామని మీ ఇంట్లో వాళ్ళు అంటే, వెంటనే కాదనకండి, ఒక షరతు పెట్టండి. వారానికి ఒక ఎల్పీ రెండు వైపులూ మీరు కూర్చుని వింటారు. ఆ నలభై నిమిషాలూ కుక్కరు విజిలు లెక్కపెట్టే బాధ్యత వాళ్ళది.

కొనేముందు కొన్ని చూసుకోవాలి. సూట్‌కేసులా మడిచే ముద్దొచ్చే ప్లేయర్లుంటాయి, పది వేల లోపే దొరుకుతాయి. చాలావాటి ముల్లు ఐదారు గ్రాముల బరువుతో ప్లేటుని నొక్కుతుంది. మంచివాటిలో అది రెండు గ్రాముల దరిదాపు. మామగారి ఎల్పీలు అలాంటి సూట్‌కేసు మీద రోజూ పెడితే అరిగిపోతాయి. "అరిగిపోయిన రికార్డులా" అని మనల్ని వెక్కిరించే మాట ఎక్కణ్ణించి వచ్చిందో అప్పుడు అందరికీ తెలుస్తుంది. అమెరికా నుంచి వస్తూ పాత టర్న్‌టేబుల్ తెస్తామని ఎవరైనా అంటే మోటారు ఏ రకమో కనుక్కోమనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, సెకనుకి అరవై ఆవృత్తాలు. మనది యాభై. వోల్టేజికి ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకున్నా, కొన్ని పాత మోటార్లు ఇక్కడ మెల్లగా తిరిగి సుశీలమ్మ గొంతు కాస్తా మగగొంతు అయి కూర్చుంటుంది. 78 ప్లేట్లున్నవాళ్ళు ఆ వేగం కూడా ఉందో లేదో అడగాలి. వాటికి లావుపాటి ముల్లు వేరే ఉంటుంది. ఎల్పీ ముల్లుతో వాయిస్తే గాడి అడుగున దేక్కుంటూ పోతుంది, గరగర తప్ప ఏమీ రాదు.

పెట్టే చోటు కూడా ముఖ్యమే. వంటింటికి ఆనుకున్న గోడ వద్దు. తాలింపు పొగలోని నూనె జిడ్డు ప్లేటు మీద కూర్చుంటే దుమ్ము దాన్ని వదలదు. వాషింగ్ మెషిన్ గిర్రున తిరిగే బాల్కనీ పక్కన పెడితే ముల్లు గెంతుతుంది, పాడిందే పాట పాచిపళ్ళ దాసరి అయిపోతుంది. ప్లేట్లని పుస్తకాల్లా నిలబెట్టాలి, అప్పడాల్లా దొంతర పెట్టకూడదు. పడమటి కిటికీ ఎండ తగిలితే మే నెలలో వినైల్ ప్లేటు అప్పడంలా వంకర తిరిగినా తిరుగుతుంది. వానాకాలం బూజు తెల్లగా పట్టినవాటిని డిస్టిల్డ్ వాటర్ లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో, గాడి ఎటు తిరిగితే అటే తుడిచి, ఆ తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్ తో ఇంకోసారి తుడవండి. మధ్యలో కాగితం తడవనీయకండి. లక్క ప్లేట్ల మీద మాత్రం స్పిరిట్ పొరపాటున కూడా వాడొద్దు, లక్క కరిగిపోతుంది.

కొత్త టర్న్‌టేబుళ్ళు హైటెక్ సిటీ చుట్టుపక్కల మాల్స్ లోని పెద్ద ఎలక్ట్రానిక్ దుకాణాల్లో అడిగితే చూపిస్తారు, అన్నిచోట్లా స్టాకు ఉండదు. తీగలూ పిన్నులూ లాంటి చిల్లర సామాను కోఠీ గుజరాతీ గల్లీలో చవక. పాత ప్లేట్లకి మాత్రం ఎర్రగడ్డ ఆదివారం సంతకి పోవాల్సిందే. హైటెక్ సిటీ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, మియాపూర్ వైపు బండి మారితే మూడో స్టేషను ఎర్రగడ్డ. పేవ్‌మెంటు మీద దుప్పటి పరిచి, పాత మిక్సీలు, చెప్పులు, రేడియోలు, ఏ ఇంటి పెళ్ళికో ఇచ్చిన స్టీలు సామాను. వాటి మధ్య అదృష్టం ఉంటే ప్లేట్లు. అక్కడ దొరక్కపోతే ఆబిడ్స్ పాత పుస్తకాల వాళ్ళనీ ఒకసారి పలకరించండి.

కవరు చూసి మోసపోకండి, లోపల వేరే ప్లేటు ఉండటం మామూలే. బయటికి తీసి, వెలుతురుకి వాలుగా పట్టుకుని చూడండి. వెంట్రుకల్లాంటి గీతలు ఫరవాలేదు. గోరు తగిలితే ఆగే గీత ఉంటే వదిలేయండి. అంచు మీద కంటికి సమానంగా పట్టుకుంటే వంకర తెలిసిపోతుంది. వాడు చెప్పిన ధరకి సగం నుంచి మొదలెట్టండి, ఈ విద్య మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. టోపీ, మంచినీళ్ళ సీసా, ఒక గట్టి గుడ్డ సంచి పట్టుకెళ్ళండి. పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే మంచివి మాదాపూర్ కుర్రాళ్ళు ఎత్తుకుపోతారు.